కదలని అంచు

గుమ్మలక్ష్మీపురం సంతవీధిలో ఉండే మా పళ్ల డాక్టరుగారికి పన్ను పీకడమంటే ఓడిపోవడమే. ఎనభైల్లో కొత్తగా వచ్చిన తెల్లమందు నింపేముందు, పుచ్చుగుంటలోకి రబ్బరు బుడ్డితో గాలి ఊదుతూ "ఇంకా ఆరాలి" అనేవారు. పన్ను లోపలి పొరకి తడి పుట్టుకతోనే ఉంటుంది, ఎంత ఊదినా పోదు; తడి మీద ఆ మందు అతకదు. సాయంగా టార్చి పట్టుకునే కుర్రాణ్ని నేను, "ఈ వానాకాలాన్నీ ఆరబెట్టేయండి సార్" అన్నాను. ఆయన నవ్వకుండా మళ్లీ ఊదారు.

ఒక సవర గిరిజన ముసలామెకి నమలడానికి మిగిలిన ఒక్క దవడపన్నుకీ అలాగే నింపారు. మందు పైన అతుక్కుంది, అడుగున అతకలేదు. ఆ సందులో పన్ను కుళ్లింది. ఆమె బుగ్గ వాచి వస్తే ఆయనే పీకారు. పీకినదాన్ని కడిగి, కిటికీ వెలుగులో తిప్పి, "చూడవోయ్, మందు అంచు కదల్లేదు" అని మురిసిపోయారు.

నోట్లో దూదితోనే ఆమె, "బాబూ, మరి నానేటి తినేది?" అంది.

"గంజి తాగు" అన్నారాయన, పన్ను మీంచి కళ్లు తీయకుండా.