సార్ పెట్టి వెళ్లిన వాన

మా కంప్యూటర్ సార్ పోయారని ఆయన భార్య, ఆంటీ, ఫోన్ చేసినప్పుడు మా దీవిలో, జంగ్లీఘాట్‌లో కుండపోతగా వాన. ఆ ఉదయం అవతలి ఒడ్డున వాళ్లుండే బాంబూఫ్లాట్‌లో బాగానే ఫెర్రీ ఎక్కారట. ఇటు ఒడ్డుకు చేరేలోపే గుండె ఆగిపోయింది. అప్పటికే మా పేట వెబ్ పేజీలో వాన పెట్టేశారు. వారం దాటింది, బయట ఎండలు కాస్తున్నాయి, పేజీలో మాత్రం అదే వాన. దాన్ని ఆపడానికి నాకు చేతులు రాలేదు.

తెలియనివారికి ఆ పేజీ సంగతి చెప్పాలి. ఫెర్రీ వేళలు, మా తెలుగు చర్చిలో ఆరాధన సమయం, ఎక్కడ ఇల్లు అద్దెకుంది, ఇవన్నీ సార్ ఒకచోట పెట్టారు. అక్షరాల వెనక ఆకాశం కదులుతూ ఉంటుంది. వానైతే చినుకులు, మబ్బేస్తే మబ్బులు, ఎండైతే పల్చటి వెలుగు. రోజూ ఫెర్రీలో తలెత్తి చూసి, తన ఫోన్‌లో ఆయనే మార్చేవారు.

నాకు ఒళ్లు మండేది. "సార్, ఇంటర్నెట్ నుంచి దానంతటదే మారేలా రాసేస్తాను. మీకెందుకీ తిప్పలు?" అన్నాను ఒకసారి.

"అది ఎక్కడో కూకుని చెప్తాదమ్మా. మనం తడిసి చెప్తాం" అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకుంటూ నేను చేసిన మొదటి వాన చూసి, "ఇదేటి, బాత్రూం షవరా?" అని నవ్వారు. "కాస్త వాల్చు. ఇక్కడ సముద్రం గాలికి వాన ఎప్పుడైనా నిటారుగా పడిందా? ఇంకోటి, అక్షరాల మీద పడనీకు. చదివీవోళ్లు తడిసిపోకూడదు." ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

ఒక క్రిస్మస్‌కి నేను పేజీలో గొప్పగా మంచు కురిపించాను. చర్చిలో ఒక మామ్మ ఫోన్ చూసి, "బూరుగు దూది ఎగురుతాందేటి? కిటికీలు ముయ్యండి, నాకసలే ఆయాసం" అంది. సార్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, నన్ను పక్కకు పిలిచారు. "మామ్మ మంచు చూళ్లేదు, నేనూ చూళ్లేదు, నువ్వూ చూళ్లేదు. మరెవరి పండగ చేస్తన్నావు?" అన్నారు. ఆ సాయంత్రమే మంచు తీసి, మా డిసెంబరు జల్లు పెట్టాను.

ఆయన పోయాక ఒక ఆటో అబ్బాయి, "దీదీ, బయట ఇంత ధూప్ కాస్తంటే పేజీలో బారిష్ ఏటి?" అన్నాడు. "ఉంటే నీకేం నష్టం భయ్యా?" అని కసిరాను. పాపం, అతని తప్పేముంది.

చివరికి ఆంటీ ఫోన్ చేశారు. "పేజీలో ఇంకా వానే ఉందంట కదమ్మా?"

"సార్ పెట్టింది కదా ఆంటీ. తియ్యలేకపోతున్నాను" అని ఏడ్చేశాను.

"తీసెయ్ తల్లీ. ఎండ ఎంత బాగా కాస్తాందో చూడు. ఆయనుంటే నిన్ను కేకలేసీవోరు. ఆయన చొక్కాలన్నీ ఉతికేసేను. చర్చివోళ్లు రేపు పట్టికెళ్తారు, ఎవరికైనా ఇవ్వడానికి."

ఫోన్ పెట్టేసి, వెంటనే ఫెర్రీ ఎక్కాను. సముద్రం మధ్యలో తలెత్తి చూసి, ఫోన్‌లో వాన తీసేసి ఎండ పెట్టాను. అవతల దిగి వాళ్ల వీధిలోకి తిరిగేసరికి, ఇంటి ముందు తీగ నిండా సార్ చొక్కాలు. చేతుల చివర్ల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.