మునీశ్వరుడికి మీసం దిద్దిన మా అత్త

మా మేనత్త పోయిందని తిరుత్తణి ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను తిరువళ్ళూరు కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన, మా ఇద్దరికీ పడని ఆ ప్రొఫెసరు మాత్రం గుండ్రాయిలా ఉన్నాడే అని. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాది మెత్తబడలేదు. మా అత్తకూ చివరిదాకా మెత్తబడలేదు. అందుకే ఇది రాయడానికి నేనే తగినదాన్ననుకుంటున్నాను.

తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు వచ్చే దారిలో, రైలు కూత వినిపించేంత దూరంలో మా ఊరు. ఊరి బయట మల్లెతోటల పక్కన ఒక చిన్న గుడి. లోపలున్న సామిని అందరూ మునీశ్వరుడంటారు. అక్కడ పూజ తాతల నాటి నుంచీ మా ఇంటిదే. మా తాత పోయాక మగవాళ్ళెవరూ ముందుకు రాకపోతే, అత్తే చీపురూ చెంబూ పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆడదానికి ఇదేం పని అని కొందరు గొణిగారు. వానలు బాగా పడ్డాక వాళ్ళే టెంకాయలు పట్టుకుని వచ్చారు.

సామి ఒంటికి పసుపూ గంధమూ కలిపి మందంగా పూత వేస్తారు. ఆ పూత మీద కళ్ళూ మీసమూ దిద్దుతారు. ఏటా ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, తలుపు మూసి పాత పూత తీసి కొత్తది వేస్తారు. అప్పుడు పూజారి ఇంటివాళ్ళు తప్ప ఎవరూ చూడకూడదు. చిన్నప్పుడు నీళ్ళు అందించడానికి అత్త నన్ను పిలిచేది. పూత కింద సామి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొడుగాటి చెవులతో, తలనిండా ఉంగరాల జుట్టుతో కూర్చుని ఉండేవాడు. ఆయన బుద్ధుడని నాకు కాలేజీలో చేరాక తెలిసింది. పరిగెత్తుకొచ్చి అత్తకు చెప్పాను.

"ఎవరైతే ఏమి పాపా, మన సామే గదా," అంది, వత్తి ఎగదోస్తూ.

ఇలా ఈ చుట్టుపక్కల వేరే పేర్లతో పూజలందుకుంటున్న బుద్ధుల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాను. ఊత్తుకోట నుంచి పొన్నేరి దాకా ఊరూరా తిరగాలి, పాలి నేర్చుకోవాలి. పార్ట్‌టైమ్ పాఠాల జీతంతో అయ్యే పని కాదు. బౌద్ధం మీద పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే ఒక సంస్థకు దరఖాస్తు పెట్టాను. జనం వేసిన పూతే బుద్ధుణ్ణి కాపాడిందని నా వాదన. గుడి చూసి నిర్ణయిస్తామని కమిటీ అంది. మామూలుగా పూత మొహానికీ ఒంటికీ మాత్రమే ఉంటుంది. చెవులూ జుట్టూ బయటికి కనబడతాయి. ఎరిగినవాళ్ళు బుద్ధుణ్ణి గుర్తుపట్టడానికి అవి చాలు.

అత్తకు నేను చెప్పింది ఒక్కటే. పెద్దవాళ్ళు సామిని చూడడానికి వస్తున్నారు, నచ్చితే నా చదువుకు డబ్బిస్తారు అని. మా ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారో ఆమె అదే చేసింది. సామిని పెళ్ళికొడుకును చేసింది. రెట్టింపు పూత వేసి, జుట్టు కనబడకుండా పట్టు తలపాగా చుట్టి, చెవులకు వెండి కవచాలు తగిలించి, బుగ్గల దాకా మెలితిరిగిన మీసం దిద్దింది. నేను కమిటీని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి గుమ్మం పక్కన నిలబడి ఉంది, మొహం వెలిగిపోతూ.

కమిటీ పెద్ద, కళ్ళజోడు పెట్టుకున్న ఒక ప్రొఫెసరు, లోపలికి తొంగిచూసి, "ఏమమ్మాయ్, నీ బుద్ధుడికి మీసాలొచ్చాయే. ఈ మీసాలకా మేం ఫెలోషిప్ ఇవ్వాల్సింది?" అన్నాడు. అందరూ నవ్వారు. మీసం వాళ్ళకు నచ్చిందనుకుని మా అత్త కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. తర్వాత వాళ్ళకు విస్తళ్ళు వేసి పొంగలి పెట్టింది.

నేను ఆయన్ను క్షమించనిది ఫెలోషిప్ పోయినందుకు కాదు, ఆ నవ్వుకు. ఎందుకు నవ్వారో చెప్పవద్దనే అనుకున్నాను. కానీ ఫెలోషిప్ రాలేదని తెలిశాక ఆమె వదిలితేగా, అడిగి అడిగి చెప్పించుకుంది. విని, కడుతున్న పూలు పక్కన పెట్టింది.

"నేనూ నవ్వితినే పాపా," అంది. ఆ తర్వాత ఆయన పేరు ఎత్తలేదు. 'కళ్ళజోడాయన' అనేది, గొంతులో ముల్లు పడ్డట్టు.

ఆ వారం నుంచి నా ఫెలోషిప్ మా అత్తే. మల్లెపూలు అమ్మిన డబ్బు నా చేతిలో పెట్టి, "ఆ కంపెనీవోళ్ళు డబ్బిస్తే ఏమడుగుతారు?" అంది. ప్రోగ్రెస్ రిపోర్టు అడుగుతారని చెప్పాను. అయితే తనకూ కావాలంది. ఆదివారాలు ఆమె ఎదురుగా కూర్చుని, ఏ ఊరికి వెళ్ళానో, ఏ రాయి చూశానో చెప్పేదాన్ని. ఆమె పూలు కడుతూ వినేది. తామరైపాక్కంలో ఒకాయన గట్టు మీది విగ్రహాన్ని చూపించనన్నాడని తిరిగి వచ్చేస్తే, "ఒకతూరి వద్దంటే వచ్చేస్తావా? ఈ వారం పని జరగలే," అని డబ్బు మళ్ళీ కొంగున ముడివేసుకుంది. పక్క వారం నేను అక్కడికే వెళ్ళి చూసి వచ్చాక ఇచ్చింది. ఏ కమిటీ కూడా నన్ను అంతగా సాధించి ఉండదు.

కోపం తగ్గించుకోమని మా నాన్న అంటే, "మునీశ్వరుడికే కోపముంటాది. నాకుంటే తప్పా?" అనేది. రోజూ హారతి ఇస్తూ ఆ కళ్ళజోడాయన మీద సామికి ఫిర్యాదు చేసేది. నేను పక్కన నిలబడి ఊ కొట్టేదాన్ని.

కొన్నాళ్ళకు ఆయనే పెద్ద ప్రాజెక్టు తెచ్చుకున్నాడని విన్నాం. పూతల కింద దాగిన బుద్ధులట. నా దరఖాస్తులోని మాటలే, వరసతో సహా. ఇక నా థీసిస్ పోయినట్టే అనుకున్నాను. అత్త మాత్రం, "వస్తాడు లే. సామి ఈడ ఉండాడు, యాడికి పోతాడు వాడు?" అంది.

వచ్చాడు. పూత తీయిస్తే ఫోటోలు తీసుకుంటానన్నాడు. గుడికి సున్నం కొట్టిస్తానన్నాడు. అత్త రెండు చేతులూ జోడించి ఎంత మర్యాదగా చెప్పిందో.

"మీరే గదా అయ్యా, ఈడ బుద్ధుడు లేడని చెప్పి పోయినారు. పెద్దోళ్ళ మాట పొల్లు పోతాదా? ఇది మునీశ్వరుడు. ఈయన మీసం ముట్టుకుంటే ఊరికి మంచిది గాదు."

ఆయన వెళ్ళాక గుమ్మంలో కూర్చుని కడుపుబ్బ నవ్వింది. ఆమె అలా నవ్వగా చూడడం నాకు జీవితంలో గొప్ప సుఖం. ఇలా అనడం తప్పయితే కావచ్చు.

అత్తతో నా ఫెలోషిప్ కూడా పోయింది. థీసిస్ ఇంకా సగంలోనే ఉంది. కర్మ రోజున గుడి ముందు పందిట్లో భోజనాలు జరుగుతుంటే ఆ ప్రొఫెసరు పూలదండ పట్టుకుని, భుజాన కెమెరా సంచితో దిగాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"పోయినవాళ్ళ పంతాలు మనకెందుకమ్మా? పీహెచ్‌డీ పూర్తి చేసుకోవడానికి ఇచ్చే ఫెలోషిప్ ఒకటి ఉంది. నా మాట మీదే నడుస్తుంది. ఒక్కసారి పూత తీయించు. నీ పేరు కూడా వేస్తాను."

నాకు ఆ డబ్బు కావాలి. అబద్ధం ఎందుకు, ఒక క్షణం గుడి తలుపు వైపు చూశాను కూడా. ఆసుపత్రిలో అత్త నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట చెవిలో ఉంది: "వాడు వస్తే అన్నం పెట్టు. సామిని చూపించొద్దు."

"ఫెలోషిప్ ఇంకెవరికైనా ఇవ్వండి సార్. ముందు భోంచేయండి," అన్నాను.

పూజారి పోయి మైల తీరిన రోజు, సామికి పాత పూతంతా తీసి స్నానం చేయించి, రాయి ఆరాక కొత్త పూజారి కొత్త పూత వేయాలి. ఇది మా ఇంటి ఆచారం. కొత్త పూజారిని నేనే. పొద్దునే అంతా గీకి, కడిగి, తలుపు దగ్గరగా వేసి వడ్డనకు వచ్చాను. ఆ సంగతి ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. గుడి గుమ్మానికి వీపు ఆనించేంత దగ్గర్లో ఆయనకు విస్తరి వేశాను. పాయసం బాగుందన్నాడు. ఇంకొంచెం పోశాను. ఆయన వీపు వెనక, తలుపు అవతల, సామి ఒంటి మీద చుక్క పసుపైనా లేకుండా కళ్ళు దించుకుని ఆరుతున్నాడు.