ట్రాక్టర్‌కు పోసిన కొబ్బరినీళ్లు

నా పసితనంలో మా చిన్న ట్రాక్టర్‌ను పాత ఇనుముకు అమ్మేస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే యాదమ్మ. నిన్న ఎల్బీ నగర్‌లో మెకానిక్ ఆ బండినే బాగుచేసి స్టార్ట్ చేస్తే, డీజిల్ పొగ వాసనకు ఆ రోజు గుర్తొచ్చింది.

"మీ తాత బండి పోతుందంట బిడ్డా" అంది యాదమ్మ. దాన్ని పాడుచేసింది నేనే. దసరా పూజయ్యాక, దేవుడికి పెట్టినట్టే బండికీ పెట్టాలని, కొట్టిన కొబ్బరికాయ నీళ్లు డీజిల్ ట్యాంకులో పోశాను. తుర్కయంజాల్ జామతోటను ఏళ్ల తరబడి దున్నిన బండి ఆ తర్వాత కదల్లేదు.

పరుగున, బండి నిలిపి ఉన్న మా దిల్‌సుఖ్‌నగర్ ఇంటి వాకిట్లోకి వెళ్లి, తూకానికి వచ్చిన ఇనుప వ్యాపారితో సహా అందరి ముందూ ఏడుస్తూ చెప్పేశాను.

"దేవునికి పెట్టినట్టు పెట్టింది పిల్ల, తప్పేముంది?" అంటూ నాయనమ్మ నర్సమ్మ ట్రాక్టర్ ఎక్కి కూర్చుంది.

"దిగు అవ్వా, వాడకట్టోళ్లు నవ్వుతుండ్రు" అన్నాడు బాపు.

"నవ్వనియ్ కొడుకా. ముందు నన్ను తూకమెయ్యమను, తర్వాత గీ బండిని."

ఇనుప వ్యాపారి ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన నాయనమ్మ, ఆ సాయంత్రం పలక బదులు పానా చేతికిచ్చింది. ఇద్దరం ట్యాంకు విప్పి కిరోసిన్‌తో కడిగాం. మూడో రోజుకు బండి దగ్గుతూ లేచింది.

ఇప్పుడూ ఇంట్లో అమ్మేద్దామనే అంటున్నారు. నేను అమ్మనంటే అమ్మను. నన్ను తిట్టకుండా పని నేర్పిన మనిషిని ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మీరూ దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి మా నర్సమ్మను తలుచుకోండి.