టిక్కెట్టు రాని ఏడు

అభ్యర్థుల జాబితా వస్తుందన్న రోజు పొద్దున్నే మా ఇంటి ముందు షామియానా వేశారు. మా ఆయన సర్పంచిగా మొదలుపెట్టి, మండలాధ్యక్షుడై, చివరికి ఎమ్మెల్యే అయిన మనిషి. రెండోసారి కూడా టిక్కెట్టు తనకేనని ఆయనకు అనుమానం లేదు. రాచర్ల నుంచి, అర్ధవీడు నుంచి జనం జీపుల్లో, ఆటోల్లో వచ్చి దిగారు. వంటింట్లో నేను, మా చెల్లెలు పెద్ద గిన్నెలో ఉప్మా చేస్తున్నాం.

టీవీలో మా నియోజకవర్గం దగ్గర వేరే పేరు వచ్చింది. కాంట్రాక్టులు చేసుకునే మనిషి, ఈ పల్లెలకు కొత్త. కాసేపు నినాదాలు చేశారు. ఒకరిద్దరు ఏడ్చారు. మధ్యాహ్నానికి వాకిట్లో ఖాళీ కుర్చీలు మిగిలాయి. ఉప్మా పక్కింటి గేదెలకు పెట్టించాను. బాధేమీ తెలియలేదు. అడుగంటిన గిన్నె తోముకోవాలని మాత్రం అనిపించింది.

వారం తిరక్కుండానే ఆ కొత్తాయన మా ఇంటికొచ్చి మా ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అన్నా, మీరు రాకుంటే ఊళ్ళల్లో నన్నెవురు గుర్తుపడతారు? వదినా, మీరన్నా చెప్పండి."

నేను కాఫీ ఇచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగాను. మా ఆయన సరేనన్నాడు.

అతను వెళ్ళాక అడిగాను. "ఏందయ్యా, అట్ల ఒప్పుకుంటివి?"

"ఇంట్లో కూసుంటే పిచ్చి లేస్తాది" అన్నాడు.

ప్రచారానికి నేనూ వెళ్ళాను. ఒక ఆదివారం అర్ధవీడు పక్క పల్లెలో జీపు ఆగేసరికి చర్చి వదిలారు. బైబిలు చంకన పెట్టుకుని వచ్చిన ఒక ముసలామె మా ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఈ తూరి గూడా నీకే ఏస్తాం."

"నేను నిలబడలేదమ్మా. ఈయన నిలబడినాడు. ఈయనకెయ్యి."

ఆమె జీపులో ఉన్న మనిషిని పైనుంచి కిందకు చూసింది. అతను నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"మరి నువ్వెందుకొచ్చినావు నాయనా?"

మా ఆయన ఆమెకు దణ్ణం పెట్టాడు. జోడించిన చేతులు విడదీయకుండానే జీపెక్కాడు. పక్క ఊరు వచ్చేదాకా ఆ చేతులు అట్లాగే ఉన్నాయి.

కొత్తాయన గెలిచాడు. ఊరేగింపు మా వీధిలోంచే వెళ్ళింది. మా ఆయన దండ తెప్పించి గేటు దగ్గర నిలబడ్డాడు. డప్పులు, రంగులు, కుర్రాళ్ళ కేకలు. జీపు ఆగలేదు. చూసి ఉండడు, ఆ గోలలో కనపడి ఉండదు అన్నాడు మా ఆయన. లోపలికొచ్చి దండను ఫ్రిజ్ మీద పెట్టాడు. వాడిపోయాక నేనే తీసి పారేశాను.

ఆ తర్వాత కూడా ఆయన గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని పెళ్ళిళ్ళకు, చావులకు తిరుగుతూనే ఉన్నాడు. ముందు వరుసలో కుర్చీ వేసేవాళ్ళు తగ్గారు. నేనూ అలవాటు పడ్డాను. పింఛను ఆగిపోయిందనో, బోరు ఎండిపోయిందనో అప్పుడప్పుడు ఎవరైనా ఇంటికొస్తారు. పొమ్మనడం ఆయనకు చేతకాదు.

మొన్న ఒక వితంతువు పింఛను పని మీద ఆమెను వెంటబెట్టుకుని ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళాడు. వరండాలో అందరితోపాటు బెంచీ మీద కూర్చుని ఉండగా చూశానని మా తమ్ముడు ఫోనులో చెప్పాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను.

"లోపలికి పిలిచినాడా?"

"ఆమె పనైంది" అన్నాడు.

కంచం పెట్టాను. కాళ్ళు కడుక్కుని వచ్చి తిన్నాడు.