పొత్తుల బువ్వ

ఆపరేషనైన కొత్తల నాకు పొద్దంత ఒక్క గిన్నెతోనే గడిచేది. గిన్నె అంటే పెద్దది కాదు, మా బిడ్డ చిన్నప్పుడు పాలు తాగిన స్టీలు గిన్నె. దాంట్ల సగం. గా సగం తినేతందుకు అరగంట. చెంచాడు బువ్వ నోట్లె పెట్టుకొని మెత్తటి పిండయ్యేదాక నమలాలె, మింగినంక జర ఆగాలె, కడుపు చాలన్నదంటే చెంచ కింద పెట్టాలె. తినేటప్పుడు నీళ్లు తాగద్దు, తిన్నంక అరగంట దాక తాగద్దు. ఒక్క చెంచ ఎక్కువైతే ఛాతిల రాయి ఇరికినట్టయ్యేది, నోట్లెకు నురుగచ్చేది, వాకిట్లకు ఉరికేదాన్ని. ఒక్కసారి ఆశకు సగం లడ్డు తిన్న. గుండె దడదడ కొట్టుకొని ఒళ్లంత చెమటలు వట్టి మంచంల వడ్డ.

అంతకు ముందు నా తిండి వేరు. మా అత్త ఉన్నప్పుడు, నీకొక్కదానికి వండుడు కంటె పెండ్లికి వండుడు నయమే అనేది. నేను నవ్వి ఇంకో గంటెడు ఏసుకునేదాన్ని. పొద్దందాక బీడీలు చుట్టే చాట ఒళ్లె పెట్టుకొని కూసుండుడు, కూసున్నకాడనే తినుడు. ఒళ్లు పెరిగింది, షుగర్ వచ్చింది, మోకాళ్లు పోయినయ్. మా ఆయన దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, చాట కింద పెట్టి లేవబోయి నేను మళ్ల కూలబడుడు చూసిండు. నెల తిరగక ముందే హైదరాబాద్ తీసుకపోయిండు. అక్కడ డాక్టర్లు ఒళ్లు తగ్గేతందుకు నా కడుపుల తిండి సంచి కోసి అరటిపండంత ఉంచిండ్రు. నేను లేచి నడిచినంక ఆయన మళ్ల దుబాయ్ పోయిండు. బిడ్డ జగిత్యాల హాస్టల్ల ఉండి చదువుతది. కోరుట్ల ఇంట్ల ఇగ నేను, నా గిన్నె.

తప్పు నేనే చేసిన. కడుపు కోయించుకున్న అని ఎవలకు చెప్పలే. తిండి ఆపుకోలేక పేగులు కోయించుకుందట అని వాడకట్టంత నవ్వుతరని సిగ్గైంది. గర్భసంచి తీసేసిండ్రు అని చెప్పిన. మా దిక్కు బీడీలు చేసే ఆడోళ్లల్ల సగం మందికి గర్భసంచి లేదు. గందుకే ఇంకో మాట ఎవలూ అడుగలే.

మేం ఆరుగురం ఉంటుంటిమి. మా ఇంటి ముంగట రేకుల కింద రోజూ కూసునేది. ఒకలు తునికాకు కత్తిరిస్తే ఒకలు తంబాకు పోసేది, చేతులు ఆడుతనే ఉండేటియి, నోళ్లు అంతకంటె ఎక్కువ ఆడేటియి. పగటీలి అందరి బువ్వ డబ్బలు ఒక్కతాన ఇప్పి, పెద్ద పళ్లెంల అన్ని కూరలు, తొక్కులు పెట్టుకొని పొత్తుల తినేది. ఒకలి తొక్కుల ఒకలం చెయ్యి పెట్టేది. అందరికంటె పెద్ద ముద్ద నాది, అందరికంటె పెద్ద నోరు సుత నాదే.

ఆపరేషనైనంక మూడో నెలకు నా రవికెలు వదులైనయ్. బొక్కలు తేలినయ్. దువ్వెన పెడితే చాలు, కుచ్చులకు కుచ్చులు వెంట్రుకలు ఊడొచ్చేటియి. గాజులు మోచేతి దాక జారేటియి. ముందుగాల, ఏమే, మొగుడు యాదికొస్తుండా అని ఎక్కిరిచ్చిండ్రు. తర్వాత ఎక్కిరిచ్చుడు బందైంది. గర్భసంచి తీసినోళ్లు లావైతరు గని గిట్ల ఎండిపోరు కదా. మా ఆయన దుబాయ్ పోకముందు బొంబాయిల నాలుగేండ్లు ఉన్నడు. ఆ రెండు కలిపి వాళ్లు లెక్క కట్టిండ్రు. మొగుడు పెద్ద రోగం తెచ్చి పెండ్లానికి అంటిచ్చిండన్నరు. పెద్ద రోగమంటే మా దిక్కు ఎయిడ్సే, పేరు వెట్టి ఎవలూ అనరు.

నా ముంగట సుత అనలే. ఒక దినం ఒకామె తన డబ్బ జర పక్కకు జరుపుకున్నది. ఇంకో దినం నా మామిడికాయ తొక్కు పొద్దుమీకిందాక పెట్టినట్టే ఉన్నది, ఎవలూ ఏలు పెట్టలే. ఒకామె మంచినీళ్ల సీసా ఇంటికాడికెల్లి తెచ్చుకునుడు షురూ చేసింది. తర్వాత ఒకామెకు మనుమడు ఏడుస్తుండట, ఒకామెకు ఆకు నానలేదట. పది దినాల్ల రేకుల కింద నేనొక్కదాన్నే మిగిలిన. తిండి పోయిందని నాకు ఏడుపు రాలే. పొత్తు పోయిందని వచ్చింది. కోపం సుత మస్తు వచ్చింది. అడిగితే చెప్త కదా, అడగరు, వాళ్లకు వాళ్లే అనుకుంటరు అని ఒక్కదాన్నే తిట్టుకుంట బీడీలు చుట్టిన.

గని వాళ్లు ఏం చేస్తున్నరో నాకు ముందుగాలనే తెలిసింది. ఎందుకంటే గా పని నేను సుత చేసిన.

మా ఇంటికి రెండిండ్ల అవతల ఒకామె ఉంటది. నాకంటె పెద్దది, అక్క అని పిలుస్త. తల్లిగారిల్లు రుద్రంగి. ఆమె మొగుడు సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడిపేటోడు. అక్కడ పని లేక బొంబాయి దిక్కు పోయిండు, పుల్లోలె అయి వచ్చిండు, ఏడాది తిరగకముందే సచ్చిపోయిండు. దినాలు అయినంక అక్క మళ్ల చాట పట్టుకొని మా రేకుల కిందికి వచ్చింది. రావద్దని ఎవలం అనలే. పగటీలి ఆమె చింతకాయ తొక్కు తెచ్చి అందరికి పెట్టింది. నేను తిన్నట్టే చేసి, పిడికిట్ల దాసుకొని, లేచి పెరట్లకు పోయి కోడికేసిన. మిగిలినోళ్లు ఏం చేసిండ్రో నేను చూడలే. వారం తర్వాత అక్క రాలే. పన్నెండేండ్ల సంది తన గడపల కూసోనే బీడీలు చేసుకుంటది.

గా అక్క ఒక దినం పొద్దున చాట పట్టుకొని వచ్చి నా ఎదురుంగ కూసున్నది. పగటీలి డబ్బ ఇప్పి, నా చిన్న గిన్నెల ఏలెడంత చింతకాయ తొక్కు పెట్టింది. నేను తిన్న. మరునాడు సుత వచ్చింది, ఆ మరునాడు సుత. నేను చెంచాడు చెంచాడు తింటాంటె తొందర లేకుంట నా తోడు కూసునేది. అంత నిదానంగ నా ఎంట ఎవలూ కూసోలే, దవాఖానల సుత.

ఐదారు దినాలైనంక ఆమె అటు ఇటు చూసి మెల్లగ అన్నది:

“భయపడకు చెల్లె. గోలీలు మింగితే ఏం కాదు. పన్నెండేండ్ల సంది మింగుతున్న, సచ్చిన్నా నేను?”

కొడుకుకు సుత చెప్పలేదట. జగిత్యాల పెద్ద దవాఖానల ఏ దినం ఇస్తరు, ఏ ఖిడికీ కాడ నిలబడాలె, మొఖానికి కొంగు ఎట్ల కప్పుకోవాలె, అన్ని చెప్పింది. నిన్ను నేను తీసుకపోత అన్నది.

గప్పుడే చెప్పాల్సి ఉండె. నేను చెప్పలే. సరే అక్క అన్న. చెప్తే ఆమె లేచిపోతది, నేను మళ్ల ఒక్కదాన్నే అయిత. గా భయానికి రెండు వారాలు నోరు మూసుకున్న. గా రెండు వారాలు నాకు బువ్వ మంచిగ దిగింది. గది తలుసుకుంటే ఇప్పటికి సిగ్గైతది.

తర్వాత ఒక దినం ఆమె ఉతికిన చీర కట్టుకొని, సంచి పట్టుకొని వచ్చింది. నడువు, జగిత్యాల బస్సు వస్తది అన్నది. ఇగ నాకు తప్పలే. లోపటికి తీసుకపోయి, కొంగు తీసి కడుపు మీది ఐదు చిన్న గాట్లు చూపెట్టిన. మొత్తం చెప్పిన. ఆమె గాట్ల దిక్కు చూసింది.

“అయితే నీకు లేదా?” అన్నది.

లేదక్క అన్న. మంచిగైంది అన్నది. నిజంగనే అన్నది, కుళ్లు లేదు. గుమ్మం దాటేటప్పుడు మాత్రం ఎనక్కి తిరిగి, నాది ఎవలకు చెప్పకు అన్నది. బిడ్డ మీద ఒట్టేసిన. ఆమె ఒక్కతే బస్సెక్కి పోయింది.

గా వారమే నేను బీడీలు అప్పజెప్పే కార్ఖానాల అందరి ముంగట దవాఖాన కాయితం పట్టుకొని లొల్లి చేసిన. చదువొచ్చినోళ్లు ఎవలన్న ఉంటే చదువుండ్రి, నాది కడుపు ఆపరేషన్, మీ నోళ్లల్ల మన్నువడ అన్న. రెండు దినాలు నవ్వుకున్నరు. మూడో దినం అయిదుగురు చాటలు పట్టుకొని రేకుల కిందికి వచ్చిండ్రు. నా తొక్కుల చేతులు పెట్టిండ్రు. ఒకామె నా గిన్నె తీసి చూసి, గింతేనా అని నా నెత్తి మీద మొట్టింది. వాళ్ల నడుమ కూసుంటే నాకు సంతోషమే అయింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. గని నేను కూసున్నకాడికెల్లి అక్క గడప కనవడ్తది. ఆమె తల వంచుకొని బీడీలు చుడుతున్నది.

ఉండవట్టక ఒక దినం పగటీలి గిన్నె పట్టుకొని ఆమెకాడికి పోయిన. ఆమె కూసోమన్నది. లోపటికి పోయి నాకోసం ఇస్తారాకు తెచ్చి పరిచింది. ఇస్తారాకు ఎందుకక్క, నీ కంచంలనే తింట, నాకు పట్టేది నాలుగు చెంచాలే కదా అన్న. చెయ్యి సాపిన. ఆమె కంచం తన దిక్కు గుంజుకున్నది.

“గా దినం నా తొక్కు కోడికేసినవ్ చెల్లె. నేను చూసిన,” అన్నది.

గొంతుల కోపం లేదు. నా ఇస్తారాకుల రెండు గంటెల బువ్వ, పక్కకింత చింతకాయ తొక్కు పెట్టి తన బువ్వ తను తిన్నది. నేను నాలుగు చెంచాలు తిన్న. చాలని కడుపు చెప్పింది. ఆమె నా ఆకు దిక్కు చూస్తున్నది. అయిదోది తిన్న, ఆరోది తిన్న, తొక్కంత నాకిన. పోయొస్త అక్క అని లేచి, పండ్లు బిగవట్టుకొని రెండిండ్లు దాటిన. మా పెరట్లకు పోయినంక ఇగ ఆగలే, తిన్నదంత కక్కిన.

నేను నోరు కడుక్కొని తిరిగేవరకు కోళ్లు వచ్చి తింటున్నయ్.