పరదా ఇవతల జలీల్ సార్

నిన్న బీరువా అడుగు సొరుగు సర్దుతుంటే టి ఆకారంలో ఉన్న ఒక చిన్న లోహపు జాయింటు చేతికి తగిలింది. పక్కనే దాని మూత కూడా ఉంది. రెంటినీ కలిపి కొంచెం తిప్పగానే 'టక్' మని పడింది. చల్లటి లోహపు వాసన అరచేతికి అంటుకుంది. నా ఒళ్ళంతా ఒక్కసారి ఉత్సాహం పాకింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా జలీల్ సార్ రెండు చేతులూ రుద్దుకుంటూ "చూడు, చూడు, వస్తుందా?" అనేవారు. నిన్న కూడా నేను అప్రయత్నంగా పక్కకు తిరిగి చూశాను.

ఆయనను ఎరగనివారికి ముందు మా సంగతి చెప్పాలి. సిద్దిపేటలో మా ఇంటిని దొరల ఇల్లు అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికే పొలాలు పోయాయి. మా నాన్న, బాపు, కూడా తొందరగానే పోయారు. మిగిలింది బజారు వైపు ఒక గది, లోపల మూడు గదులు, ఒక ఇంటిపేరు. దానికి నేను ఎన్నడూ తల దించుకోలేదు. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటలేదు. డిగ్రీ అయ్యాక కంప్యూటరు నేర్చుకుందామని బస్టాండు దగ్గర మేడమీద జలీల్ సార్ నడిపే తరగతికి వెళ్ళినప్పుడు కూడా అలాగే వెళ్ళాను. గల్ఫ్‌లో ఒక ఆఫీసులో చాలా ఏళ్ళు కంప్యూటర్లు చూసి వచ్చిన మనిషి ఆయన. పొట్టిగా ఉండేవారు, అత్తరు రాసుకునేవారు, ఒకచోట నిలబడేవారు కాదు.

"పేరు?" అన్నారు.

ఇంటిపేరు, తాతగారి పేరు, నా పేరు, చివర దేశ్‌ముఖ్, అన్నీ కలిపి చెప్పాను.

"అరె భాయ్, గంత పొడుగు ఈ మిషన్ల పట్టది. ఎనిమిది అక్షరాలల్ల చెప్పు."

తరగతి ఘొల్లున నవ్వింది. నేను కదలకుండా నిలబడి "రాఘవ" అన్నాను.

"ఆఁ, గిప్పుడు పట్టినవ్. కూసో."

ఊళ్ళో నన్ను దొర అనకుండా పిలిచిన మొదటి మనిషి ఆయనే. వారం రోజులు కోపంగానే ఉన్నాను. ఒకనాడు ఒక మిషన్ మొరాయించింది. అందరం బిక్కమొహం వేశాం. సార్ మాత్రం పెళ్ళిపిలుపు అందినట్టు పరుగెత్తుకొచ్చారు. "మంచిగైంది! చెడిపోయింది! రా రాఘవా, దీని కథ ఏందో సూద్దాం!" అన్నారు. ఒక్కటి మార్చడం, ఫలితం చూడడం, మళ్ళీ మొదటిలా పెట్టడం, ఇంకొకటి మార్చడం. ఇది ఎవరు పాడుచేశారని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రం నేను నా కోపం మరిచిపోయి ఇంటికి పరుగున వెళ్ళాను.

తొంభైల చివర్లో బజారు వైపు గదిలో శుభలేఖలు, లేబుళ్ళు చేసే పని మొదలుపెట్టాను. చేయి తిరిగింది మాత్రం అమ్మకు. ముగ్గులు వేసిన చేయి కదా, ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో ఆమెకు తెలుసు. మూడు నెలల్లో నాకంటే బాగా చేయసాగింది. వచ్చినవాళ్ళు కార్డు చూసి "ఎవరు చేసిన్రు?" అని అడిగేవారు. అయితే మా ఇంటి ఆడవాళ్ళు బజారు గదిలో కూర్చోరు. అది నా పట్టుదల, అమ్మ అలవాటు. అందుకే పాతదొకటి కొని రెండో మిషన్‌ను లోపలి గదిలో పెట్టాను. రెంటికీ మధ్య, పరదా కిందనుంచి, టి ఆకారపు జాయింట్లతో నల్లటి వైరు లాగాం. బొమ్మలతో ఉన్న పని ఫ్లాపీలో పట్టేది కాదు. ఈ వైరుతో అమ్మ లోపల చేసింది ముందుగది మిషన్‌లో పడేది, అక్కడి ప్రింటరులో అచ్చయ్యేది. మొదటిసారి అలా ఒక కాగితం దానంతటదే బయటికి వచ్చినప్పుడు నేను కేక పెట్టాను. లోపలినుంచి అమ్మ కూడా కేక పెట్టింది. మా ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరిచి ఎరగరు.

పదిరోజులు కాకముందే చిక్కు వచ్చింది. కొన్ని రోజులు వైరు పనిచేసేది, కొన్ని రోజులు లోపలి మిషన్ అసలు లేనట్టే ఉండేది. జాయింట్ల చివరి మూతలు మార్చాను. వైరు మార్చాను. ఎలుకలను తిట్టాను. అదే సమయానికి కొమురవెల్లినుంచి కొమురయ్య వచ్చాడు. మల్లన్న గుడి దగ్గర దుకాణం ఆయనది. జాతర మొదలవుతోంది, మల్లన్నకు రంగుల ముగ్గుల పట్నాలు వేస్తారు, బండారి అనే పసుపు పొట్లాల మీద అంటించే లేబుళ్ళు కావాలి. అమ్మ అందంగా చేసింది, కానీ అది లోపలి మిషన్‌లోనే చిక్కుకుపోయింది.

"ఏం దొరా, మల్లన్న పట్నాల నాటికన్న ఇస్తవా? లేకుంటె వచ్చే యేటికి రమ్మంటవా?" అని బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. "అమ్మగారినే ఇటు రమ్మనరాదు? గీ మిషన్ మీదనే చేస్తరు గద!"

నా ముఖం వేడెక్కింది. ఈ వైరు పనిచేయకపోతే అమ్మ బజారు గదిలో కూర్చోవాలి, లేదా పని మానాలి. మొదటిది నేను ఒప్పుకోను. రెండోది తలుచుకోవడానికే మనసొప్పలేదు. ఆ మిషన్ ముందు కూర్చున్నప్పుడు అమ్మ ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. చొక్కా మార్చుకోకుండానే సార్ దగ్గరికి పరుగెత్తాను.

సార్ వచ్చి ముందుగదిలో కుర్చీ లాక్కుని పరదాకు ఇవతలే కూర్చున్నారు. వైరు ముట్టుకోలేదు.

"ఎప్పుడు పనిచేస్తది, ఎప్పుడు చెయ్యది?"

ఆలోచించాను. "నేను పొద్దున మిషన్ పెట్టిననాడు చేస్తది సార్. నేను బయటికి పోయి, అమ్మ పెట్టుకున్ననాడు చెయ్యది."

సార్ కళ్ళు మెరిశాయి. "వైరుకు నువ్వెవరో అమ్మెవరో ఎట్ల తెలుస్తది రా? మంచిగైంది! బంద్ చేసి, రోజు ఎట్ల పెడ్తరో అట్లనే పెట్టుమను అమ్మను. నువ్వు లోపలికి పోకు. నువ్వు పోతె అది పనిచేస్తది!"

కొమురయ్య కాళ్ళు దించి ముందుకు వంగాడు.

"అమ్మా, తెర మీద ఏమొచ్చింది?" అని సార్ గొంతు పెంచి అడిగారు.

పరదా వెనకనుంచి అమ్మ, "చిన్న డబ్బా వచ్చింది సార్. పాస్‌వర్డ్ అడుగుతుంది."

"కొట్టిన్రా?"

లోపల ఒక మీట నొక్కిన చప్పుడు వినిపించింది. కాసేపటికి, "మిషన్ తెరుసుకున్నది సార్. మంచిగనే ఉన్నది."

"ఏం ఒత్తిన్రమ్మా?"

"పైన మూలకున్నది."

సార్ నా వైపు వంగి గుసగుసగా, "పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్ రా?" అన్నారు.

"బాపు పేరు. అమ్మ మరిచిపోదని."

సార్ చప్పున నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. చిక్కు దొరికిందన్న సంతోషం ఆయన ముఖం నిండా ఉంది, కానీ శబ్దం మాత్రం రానివ్వలేదు. నాకూ అప్పుడే వెలిగింది. బాపు ఉన్న రోజుల్లో గుడిలో అర్చన చేయించేటప్పుడు కూడా అమ్మ ఆయన పేరు చెప్పేది కాదు. నావైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. నోటితో పలకని పేరును వేలితో కొడుతుందా? ఆ రోజుల్లో మిషన్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఆ మూలనున్న ఎస్కేప్ మీట ఒత్తితే మామూలుగానే తెరుచుకునేది. పనులన్నీ జరిగేవి. పక్క మిషన్‌కు పోయే దారి మాత్రం మూసుకుపోయేది. పేరు కొట్టకుండా తప్పుకునే ఒక మర్యాదైన దారి దొరికిందని అమ్మ అనుకుంది. పాపం, వైరుదేం తప్పు! ఎలుకలదేం తప్పు!

"అమ్మా," అన్నారు సార్, ఏమీ ఎరగనట్టు, "గీ పాస్‌వర్డ్ పాతదైంది, మార్చాలె. మీ పేరు మీదనే కొత్తగ పెట్టుకుందం."

"నా పేరా?"

"మిషన్ మీది గద. రాఘవ జాగ చూపిస్తడు, మీ పేరు మీరే కొట్టుండ్రి. దానికింద మీకు నచ్చిన మాట ఒకటి పెట్టుకోండ్రి. ఎవ్వరికి చెప్పద్దు."

"కొడుక్కు గూడనా?"

"అందరికంటె ముందుగాల కొడుక్కే చెప్పద్దు!"

అమ్మ నవ్వింది. లోపలికి వెళ్ళి చూపించాను. అమ్మ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'సుగుణ' అని ఇంగ్లీషులో కొట్టింది. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు ఎవరూ మిగల్లేదు. తర్వాతి మాట కొట్టేటప్పుడు నన్ను చూసి, "అటు తిరుగు," అంది. గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ముందుగదిలోనుంచి సార్ అరుపు. "వచ్చింది! రెండు మిషన్లు కనవడుతున్నయ్! పంపుండ్రమ్మా, పంపుండ్రి!"

ప్రింటరు కదిలింది. పసుపురంగు లేబుళ్ళు, నడుమ మల్లన్న, చుట్టూ అమ్మ వేసిన ముగ్గుల అంచు. కొమురయ్య లేచి నిలబడి కాగితం తడిగా ఉండగానే కళ్ళకు అద్దుకున్నాడు. వేళ్ళకు రంగు అంటింది. "అమ్మగారు చేసిన్రా గిది? శెబాష్! అవుగని సార్, ఏమైండె ఇన్నొద్దులు?"

నేను సార్ వైపు తిరిగాను. నిజం చెబితే అమ్మ సంగతి రేపటికల్లా కొమురవెల్లి దుకాణాలన్నిటా నవ్వులాట అవుతుంది.

"ఏం లేదు," అన్నారు సార్, చేతులు రుద్దుకుంటూ. "మిషన్‌కు మర్యాద తెల్వదు. నేర్పిచ్చినం."

ఆ ఒక్క మాటకు నేను ఆయనకు తల వంచాను. మా ఇంటి మర్యాద మా చేతిలోనే ఉందని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఆ రోజు దాన్ని పరదా ఇవతల కూర్చున్న మనిషి కాపాడాడు. మెట్లు దిగుతూ కూడా ఆయన ఆనందం ఆగలేదు. "ఏం దొరికింది రా ఇవాళ! గల్ఫ్‌ల గూడ గిసొంటిది చూడలే!" అంటూనే వెళ్ళారు.

సార్ ఇప్పుడు లేరు. నా పని పెద్దదైంది, వైర్లు పోయాయి, మిషన్లు మారాయి. ఎవరైనా ఫోన్ చేసి లాగిన్ కావడం లేదంటే నేను ఇప్పటికీ చేతులు రుద్దుకుంటాను. ఎవరు పాడుచేశారని అడగను. "రోజూ ఎలా చేస్తారో ఒకసారి అలాగే చేయండి," అంటాను. జవాబు రాకపోతే ఓపికగా ఆగుతాను.

లోపలి గది మిషన్ తర్వాత చాలా ఏళ్ళు అమ్మదిగానే ఉంది. ఆమె ఏ మాట పెట్టుకుందో నాకు తెలియదు. అమ్మ ఊళ్ళో లేని రోజుల్లో, దుకాణానికి వచ్చిన గిరాకీ తొందరపెడుతున్నప్పుడు, దానిలోనుంచి ఏదో తీసుకోవాల్సి వచ్చేది. తెర మీద ఆ చిన్న డబ్బా, అందులో సుగుణ అనే పేరు. మూలనున్న మీట ఒత్తితే చాలు, తెరుచుకునేది.

అమ్మ వచ్చాక ఇస్తానని గిరాకీకి చెప్పి పంపేవాణ్ణి.