షటర్ మీద రెండు దెబ్బలు

తళతళ బాబాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది. కుళాయిలకీ తలుపు గొళ్ళేలకీ క్రోమియం పూత వేసి అద్దంలా మెరిపించడం ఆయన వృత్తి. ఆ పేరు వీధి పెట్టింది. ఆయన భార్యని అందరూ పిన్ని అంటారు. పూత పడిన సరుకును పూత రసాయనం మరిగే తొట్టి పక్కనే నిలబడి కడిగేది ఆవిడే. ఆ వీధిలోని పూతల దుకాణాలన్నింట్లోనూ ఆ పని ఇంటి ఆడవాళ్ళదే.

బాబాయికి లోకంలో అన్నిటికన్నా కిట్టనిది పొగ లాగే ఫ్యాన్. తొట్టి మీద లేచే విషపు ఆవిరిని బయటికి లాగడానికి కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళు ప్రతి దుకాణంలోనూ పట్టుబట్టి పెట్టించారు. అది తిరిగితే కరెంటు దండగ, తొట్టి చల్లారి పూత మచ్చలు పడుతుందని ఆయన గోల. మిగతా దుకాణాలదీ అదే పాట. అందుకని అందరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టరమ్మ స్కూటరు వీధి మలుపు తిరగగానే మొదటి దుకాణం అతను షటర్ మీద ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు వేస్తాడు. వెంటనే వీధి పొడవునా ఫ్యాన్లు హోరెత్తుతాయి. ఆవిడ అటు వెళ్ళగానే ఆగిపోతాయి. ఒక్క మీట నొక్కితే తీరిపోయేదానికి ఇంతమంది పెద్దమనుషులు పడే అవస్థ చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజూ దెబ్బలు వినబడ్డాయి, ఫ్యాన్ తిరిగింది. కానీ ఇన్‌స్పెక్టరమ్మ బాబాయి దుకాణంలోకి అడుగుపెట్టేసరికి ఫ్యాన్ గొట్టం అదిరి, దాని మీద పేరుకున్న దుమ్మంతా ఆవిడ భుజాల మీద రాలింది.

"రోజూ తిరిగే ఫ్యానేనా ఇది?" అంది ఆవిడ దులుపుకుంటూ.

"పొద్దున్నించీ తిరుగుతూనే ఉంది మేడమ్," అన్నాడు బాబాయి, ఏమీ ఎరగనట్టు.

ఆవిడ పిన్ని వైపు తిరిగింది. "ఈ ఘాటు ఎలా భరిస్తున్నారమ్మా?"

"మొదట్లో ఉండేదమ్మా. ఇప్పుడేం తెలీదు, అలవాటైపోయింది," అంది పిన్ని కాస్త గర్వంగానే.

"అది అలవాటు కాదు. ఈ ఆవిరి ముక్కుని లోపల్నుంచి తినేస్తుంది. ఇద్దరూ డాక్టరుకి చూపించుకోండి. ఇంకోసారి దుమ్ము రాలిందంటే మాత్రం దుకాణానికి తాళం పడుతుంది."

ఆవిడ గడప దాటగానే బాబాయి ఫ్యాన్ ఆపేశాడు. "నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరి నాకు పాఠాలు చెబుతోంది," అని సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళాక పిన్ని పొయ్యి మీద పెట్టిన పాలు మళ్ళీ మాడాయి. ఏడాదిగా ఇదే వరస.

"నీ ధ్యాస ఎక్కడుంటుందే? రేపు నేను కాస్తాను, చూసి నేర్చుకో," అని విరుచుకుపడ్డాడు. పిన్ని గిన్నె తోముకుంది.

అన్నట్టే మర్నాడు పాలు తనే పొయ్యి మీద పెట్టి, వంటగది గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, ఇన్‌స్పెక్టరమ్మ మీద తిట్ల దండకం అందుకున్నాడు. పిన్ని ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతోంది. దండకం మంచి ఊపులో ఉండగా కాలేజీ నుంచి వచ్చిన కూతురు చెప్పులైనా విప్పకుండా వంటగదిలోకి పరిగెత్తి పొయ్యి కట్టేసింది.

"మాడు వాసన కింద మెట్ల దాకా కొడుతోంది నాన్నా. ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా, తెలీలేదా?"

బాబాయి లేచి వెళ్ళి గిన్నె మీదికి వంగాడు. అడుగంతా నల్లగా పెచ్చు కట్టింది. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ముఖానికి వేడి తగిలింది, అంతే. ఆయనకి నిజంగా భయం వేసింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది.

"ఏడాదిగా మీరు తిడుతుంటే, నా పరధ్యానమే అనుకున్నాను," అంది.

మర్నాడు బాబాయి తొట్టి వేడెక్కకముందే ఫ్యాన్ వేశాడు. ఆ హోరు విని మొదటి దుకాణం అతను పరుగున వచ్చాడు.

"ఇన్‌స్పెక్టరమ్మ ఎటునుంచి వచ్చింది బాబాయ్? నేను షటర్ కొట్టనే లేదే."

"ఆవిడ రాలేదు. మీ ఇంట్లో పాలు మాడుతుంటాయా?"

"మాడకేం, రోజూ దాని మీదే మా ఆవిడతో పోట్లాట," అని అతను నవ్వాడు.

బాబాయికి నవ్వు రాలేదు. "ముందు వెళ్ళి ఫ్యాన్ వెయ్యి," అన్నాడు.